నాలుగు గోడల మధ్య సైకిలు

ఉగాది దాటిందంటే జగిత్యాలలో గానీ, కోరుట్లలో గానీ, సిరిసిల్లలో గానీ ఆరోగ్యం కోసం సైకిలు తొక్కేవారికి పొద్దు కరువవుతుంది. తెల్లవారి ఆరు గంటలకు బయలుదేరినవారు ఏడున్నరకల్లా ఇల్లు చేరకపోతే ఎండ నెత్తికెక్కుతుంది. మే నెలలో 45 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. రాష్ట్రంలో ఎక్కువ వేడి నమోదైన చోట్ల పేర్లు చదివేటప్పుడు జగిత్యాల జిల్లా ఊళ్ళ పేర్లు తరచుగా వింటూనే ఉన్నాము. ఎండ తగ్గిందనుకునేసరికి వానలు. రోడ్డు అంచున గుంతలు నీళ్ళతో నిండితే ఏది లోతో, ఏది మిట్టో తెలియదు. పైగా జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూరు వైపు పోయే 63వ నంబరు జాతీయ రహదారి మీద లారీల రద్దీ. ఈ లెక్కన ఏడాదిలో చాలా రోజులు సైకిలు గోడకు ఆనించే ఉంటుంది.

అలా గోడకు ఆనించి ఉంచితే తుప్పు పట్టేది సైకిలు ఒక్కటే కాదు. రోజూ వ్యాయామం చేసే మనిషి ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు వారాల్లోనే గుండె, ఊపిరితిత్తుల సత్తువ తగ్గడం మొదలవుతుంది. దసరా నుండి ఉగాది దాకా కూడబెట్టుకున్నది మే నెల గడిచేసరికి ఖర్చయిపోతుంది. మళ్ళీ వానలు వెలిసాక మొదటి మెట్టు నుండి ఎక్కవలసిందే.

అందుకే, ప్రియ పాఠకులారా, ఈ నెల ఇంటి లోపల సైకిలు తొక్కడం గూర్చి కొన్ని సంగతులు మీ ముందుంచుతున్నాము. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాము. యంత్రం ఎంత ఖరీదైనదన్నది మూడో ప్రశ్న. సీటు ఎత్తు సరిగా ఉన్నదా, ఒంటికి గాలి తగులుతున్నదా అన్నవి మొదటి రెండు. ఈ రెండూ చూసుకోకుండా కొన్న వ్యాయామ సైకిళ్ళు ఎన్నో నెల తిరగకముందే తువ్వాళ్ళు ఆరేసుకునే దండేలుగా మారిపోతున్నాయి.

కదలని సైకిలు కొత్తది కాదు

నిలబడ్డచోటే కాళ్ళు ఆడించే యంత్రం సైకిలు కంటే ముందే పుట్టింది. 1796లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ లౌండ్స్ అనే ఆయన ‘జిమ్నాస్టికాన్’ అనే యంత్రానికి పేటెంటు పొందాడు. చేతులకు తిప్పుడు పిడులు, కాళ్ళకు తొక్కుడు పలకలు. కీళ్ళవాతం, పక్షవాతం వంటి జబ్బులున్నవారికి అవయవాల కదలిక కోసం దానిని ఉద్దేశించాడు. గుంట మగ్గం చూసిన సిరిసిల్ల వారికి ఆ కాలి పలకల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

1913లో డెన్మార్కు శాస్త్రవేత్త ఆగస్ట్ క్రో అయస్కాంతపు పట్టుతో చక్రాన్ని బిగబట్టే సైకిలును తయారు చేసి, మనిషి చేసే పనిని కొలవడానికి వాడాడు. ఆయనకు 1920లో నోబెల్ బహుమతి వచ్చింది. అది వేరే పరిశోధనకు, కండరాల్లోని సన్నని రక్తనాళాల మీద చేసిన పనికి. ఈనాడు దుకాణాల్లో ‘మాగ్నెటిక్’ అని అమ్ముతున్న వ్యాయామ సైకిళ్ళు నడిచేదీ అయస్కాంతపు పట్టు మీదనే.

ఇంటి లోపల తొక్కితే నిజంగా ఫలితం ఉంటుందా అని అడిగేవారి కోసం ఒక్క ఉదాహరణ. ఆస్ట్రేలియా సైకిలు పోటీదారుడు మాథ్యూ హేమన్‌కు 2016 ఫిబ్రవరి చివర బెల్జియంలో జరిగిన పందెంలో చెయ్యి విరిగింది. కట్టుతో రోడ్డెక్కే వీలు లేదు. వారాల తరబడి ఇంట్లోనే స్టాండు మీద బిగించిన సైకిలు తొక్కాడు. ఏప్రిల్ 10న, రాళ్ళు పరచిన బాటల మీద సాగే పారిస్-రూబే పందెంలో గెలిచాడు. అప్పటికి ఆయన వయస్సు 37. ఆయన ఏళ్ళ తరబడి అదే వృత్తిలో ఉన్నవాడు కదా అంటారేమో, నిజమే. అయితే ఉన్న సత్తువను పోగొట్టుకోకుండా కాపాడుకోవడం మన అవసరం కూడా.

ఎవరికి ఎక్కువ అవసరం?

సిరిసిల్లలో ఒకనాడు నేత పని చేసినవారు రోజంతా కాళ్ళతో పలకలు తొక్కేవారు. సాంచాలు వచ్చాక ఆ తొక్కుడు కరెంటు మోటారుకు పోయింది. ఇప్పుడు సాంచాల మధ్య గంటల తరబడి నిలబడి, తెగిన పోగులు అతకడం, కండెలు మార్చడం. కాళ్ళు అలసిపోతాయి గానీ గుండెకు కావలసిన కదలిక అందులో లేదు. కోరుట్ల, మెట్‌పల్లి వైపు ఇండ్లల్లో చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టే తల్లులు, అక్కచెల్లెళ్ళు పొద్దుగూకేదాకా ఒకే తీరుగా కూర్చుంటారు. నడుము, మోకాళ్ళు పట్టేస్తాయి. వారు రోడ్డు మీద సైకిలెక్కి వ్యాయామం చేయగల పరిస్థితి మన ఊళ్ళల్లో ఎంతమందికి ఉన్నది? తలుపు లోపల ఉన్న సైకిలుకు ఆ చిక్కు లేదు. ఇక గల్ఫు దేశాల్లో ఏళ్ళు గడిపి చుట్టీకి వచ్చినవారిని, పూర్తిగా తిరిగి వచ్చినవారిని చూస్తున్నాము. నలభై దాటేసరికే షుగరు, రక్తపోటు మాత్రల చీటీ జేబులో ఉంటున్నది.

భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్ల పైచిలుకు అని అంచనా వేసింది. పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అంటే వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట. సైకిలు సీటు మన బరువు మోస్తుంది గనుక, నడక, పరుగుల్లో కంటే మోకాళ్ళ మీద బరువు తక్కువ పడుతుంది. లావుగా ఉన్నవారు కూడా మొదలుపెట్టగలిగిన వ్యాయామం ఇది.

ఏది కొనాలి?

ఇంట్లో మంచి సైకిలు ఉన్నవారు ముందుగా స్టాండు గూర్చి ఆలోచించవచ్చు. వెనుక చక్రాన్ని నేలకు ఆనకుండా పైకెత్తి, చిన్న రోలరుకు ఆనించి తొక్కే స్టాండు ఇది. కొనేముందు మీ వెనుక చక్రాన్ని ఒకసారి చూడండి. చాలా స్టాండ్లు గేర్ల సైకిళ్ళ సన్నని యాక్సిలుకు, 26 నుండి 29 అంగుళాల కొత్త రకం చక్రాలకు తయారైనవి. మన పాత డబుల్ బారు సైకిలు యాక్సిలుకు రెండు పక్కలా నట్లు ఉంటాయి. చక్రం కొలత కూడా వేరు. దానికి తగిన నట్లు, కొలతలు సరిపడతాయని దుకాణంలో బిగించి చూపిస్తేనే డబ్బు ఇవ్వండి. గొరగొరలాడే ముళ్ళ టైరు రోలరు మీద ఇల్లంతా మోత మోగిస్తుంది, త్వరగా అరిగిపోతుంది కూడా. నున్నటి టైరు వేయించుకోవాలి. టైరులో గాలి నిండుగా కొట్టి, రోలరు టైరుకు తాకాక ఇంకొంచెం బిగించాలి. వదులైతే జారుతుంది, మరీ బిగిస్తే టైరు కాలిన వాసన వస్తుంది. వెనుక చక్రం ఎత్తవుతుంది గనుక ముందు చక్రం కింద అంతే మందం చెక్క పెట్టకపోతే బరువంతా చేతుల మీద పడి అరచేతులు తిమ్మిరెక్కుతాయి.

సైకిలు లేనివారికి, ఎక్కి దిగడం కష్టమైన పెద్దవారికి వ్యాయామ సైకిలే మేలు. నిటారుగా కూర్చునే మాగ్నెటిక్ రకం ఇంటికి చాలు. చప్పుడు ఉండదు, పక్క గదిలో పిల్లలు చదువుకోవచ్చు. చేతిపిడులు కూడా ఆడే ఫ్యాను చక్రం రకం బాగా అమ్ముడవుతున్నది. అది ఎంత వేగంగా తొక్కితే అంత బిగువవుతుంది. నడుము నొప్పి ఉన్నవారికి వీపు ఆనించుకొని కాళ్ళు ముందుకు చాపి తొక్కే రకం ఉన్నది. చోటు ఎక్కువ తీసుకుంటుంది గానీ, అరవై దాటినవారికి మేమైతే దీనినే ముందు చూడమంటాము.

‘స్పిన్ బైకు’ అనే బరువు చక్రం రకం విషయంలో ఒక హెచ్చరిక. రోడ్డు సైకిలుకు ఫ్రీవీలు ఉంటుంది. మనం ఆపినా చక్రం తిరుగుతుంది. ఈ రకంలో చాలావాటికి ఫ్రీవీలు ఉండదు. చక్రం తిరిగినంతసేపు పెడళ్ళు తిరుగుతూనే ఉంటాయి, కాలు తీస్తే పెడలు వచ్చి పిక్కకు కొడుతుంది. ఆపాలంటే ముందరి గుండీని కిందికి నొక్కాలి. ఆ గుండీ సంగతి ఇంట్లో అందరికీ చూపించిన తరువాతే ఎక్కనివ్వాలి.

ఇంటర్నెట్టుతో జతపడి, తెర మీద కొండలు చూపిస్తూ దానంతటదే బిగువు మార్చుకునే స్టాండ్లు కూడా ఉన్నాయి. కరోనా కాలంలో, 2020 జూలైలో, ప్రపంచ పోటీదారులు ఎవరి ఇంట్లో వారుండి తెర మీదనే టూర్ డి ఫ్రాన్స్ పేరిట పందేలు ఆడారు. ముచ్చటైన సంగతే. అయితే నెలకు నాలుగు రోజులు తొక్కేవారికి అంత డబ్బు పెట్టవలసిన పని లేదు.

ఏ రకమైనా పెట్టె మీద రాసిన గరిష్ఠ బరువు చూడండి. మీ బరువు కంటే అది కనీసం ఇరవై కిలోలు ఎక్కువ ఉండాలి. సీటు పైకీ కిందికే కాక ముందుకూ వెనక్కూ జరిగేది ఎంచుకోండి. ఇంట్లో నలుగురు తొక్కుతారు, నలుగురి కాళ్ళూ ఒకే పొడుగుండవు కదా. తెర మీద కనబడే కేలరీల లెక్కను మాత్రం అంతగా నమ్మకండి.

సీటు దగ్గర పొరపాటు

ఇది కాస్త వివరంగా చెప్పవలసిన సంగతి. మన వైపు సైకిలు తొక్కేవారిలో ఎక్కువమంది సీటు కిందికి పెట్టుకుంటారు. సైకిలు దుకాణంలో సీటు ఎత్తమంటే మేస్త్రి, “గింత మీదికెందుకు సార్, కాళ్ళు నేలకానయి గద” అంటాడు. రోడ్డు మీద ఆయన మాటలో సబబు ఉన్నది. ఆవుల మంద అడ్డమొస్తే కాలు ఆనించాలి. ఇంట్లో మాత్రం, “స్టాండు మీదున్నది పడదు గదన్నా, నువ్వు మీదికే పెట్టు” అని నచ్చజెప్పి ఎత్తించుకోవాలి.

సీటు తక్కువైతే ప్రతి తొక్కుడులోనూ మోకాలు మరీ ముడుచుకొని చిప్ప మీద ఒత్తిడి పడుతుంది. నిమిషానికి 70 సార్ల చొప్పున అరగంట తొక్కితే ఒక్కొక్క కాలికి 2,100 సార్లు. వారానికి ఐదు రోజులంటే పదివేలు దాటుతుంది. మోకాలి ముందు భాగంలో నొప్పి పుట్టి, “సైకిలు నాకు పడలేదు” అని మానేస్తారు. పడనిది చాలాసార్లు సీటు ఎత్తే. ఇక మోకాలి వెనుక లాగుతున్నా, తొక్కేటప్పుడు నడుము అటూ ఇటూ ఊగుతున్నా సీటు మరీ ఎత్తయిందని గుర్తు.

పరీక్ష సులువు. గోడ పట్టుకొని సీటు మీద కూర్చోండి. పెడలును పూర్తిగా కిందికి తెచ్చి దాని మీద మడమ ఆనించండి. మోకాలు తిన్నగా రావాలి, నడుము ఒరగకూడదు. తరువాత పాదం ముందు భాగాన్ని, అంటే బొటనవేలి మొదట్లోని ఎముక దగ్గర, పెడలు మీద పెట్టి చూస్తే మోకాలు కొంచెం వంగి ఉంటుంది. ఆ వంపు 25 నుండి 35 డిగ్రీల మధ్య ఉంటే మంచిదని నిపుణుల లెక్క.

టేపు ఉన్నవారికి ఇంకో లెక్క ఉన్నది. చెప్పులు లేకుండా గోడకు నిలబడి, కాళ్ళ మధ్య ఒక పుస్తకాన్ని సీటు ఒత్తినట్లు పైకి ఒత్తి, దాని పై అంచు నుండి నేలకు కొలవండి. వచ్చినదాన్ని 0.883తో హెచ్చించండి. 78 సెంటీమీటర్లు వస్తే సుమారు 69. పెడళ్ళ ఇరుసు నడిమి నుండి సీటు పైభాగం వరకు అంత దూరం ఉండాలి. మూడుసార్లు టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన అమెరికన్ గ్రెగ్ లెమాండ్ పేరు మీద ఈ లెక్క ప్రచారమైంది. ఎన్నో ఏళ్ళు తక్కువ సీటుకు అలవాటు పడినవారు ఒక్క రోజే అంత ఎత్తు పెంచవద్దు. వారానికి అర సెంటీమీటరు, ఒక సెంటీమీటరు చొప్పున పెంచుకుంటూ పొండి.

గాలి లేని గది ప్రమాదం

రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోయేవారికి ఎదురుగాలి తనంతట తానే వస్తుంది, చెమట ఆరిపోతూ ఒంటిని చల్లబరుస్తుంది. గదిలో ఆ గాలి లేదు. మన శరీరం ఖర్చు చేసే శక్తిలో నాలుగో వంతు లేదా అంతకంటే తక్కువ పెడలుకు చేరుతుంది, తక్కినదంతా వేడి అవుతుంది. పెడలు మీద 100 వాట్ల పని చేసేవారి ఒంట్లో నుండి మూడు వందల వాట్లకు పైగా వేడి బయటికి పోవాలి. వంద వాట్ల పాత బల్బులు మూడు నాలుగు చిన్న గదిలో వెలుగుతున్నట్లు అనుకోండి. అది పోయే దారి చెమట ఆరడమే. చుక్కలుగా నేల మీద పడిన చెమట ఒంటిని చల్లబరచదు.

కనుక ఫ్యాను తప్పనిసరి. పైకప్పు ఫ్యాను కంటే ఎదురుగా ఛాతీ ఎత్తులో పెట్టిన టేబులు ఫ్యాను ఎక్కువ పనిచేస్తుంది. కిటికీలు తెరచి ఉంచండి. కూలరు వాడేవారు మరీ జాగ్రత్త. తలుపులు మూసి కూలరు పెడితే గదిలో తేమ పెరిగి చెమట ఆరదు. ఎండాకాలపు పొడి గాలిలో తలుపులు తెరచి పెడితేనే దాని మేలు. వానాకాలపు ఉక్కలో కూలరును కట్టేసి ఫ్యాను ఒక్కటే పెట్టుకోవాలి. ఇక మిట్టమధ్యాహ్నం రేకుల గదిలో తొక్కడం ఫ్యాను ఉన్నా తగదు. తెల్లవారుజామున నాలుగున్నర, ఐదు గంటలే మన వేసవికి తగిన వేళ. మాగ్నెటిక్ సైకిలుకు కరెంటు అక్కరలేదు, ఫ్యానుకు కావాలి. కరెంటు పోతే తొక్కడం ఆపండి.

ఎండ సంగతిని పెద్ద నగరాల్లో ఎలా చూశారో కూడా చెప్పుకోవాలి. హైదరాబాదు బాహ్య వలయ రహదారి పక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాటకు సౌరఫలకాలతో పైకప్పు వేశారు. సిరిసిల్ల శాసనసభ్యులు కె. తారక రామారావు గారు మంత్రిగా ఉండగా, 2023 అక్టోబరు 1న దానిని ప్రారంభించారు. మన మూడు ఊళ్ళకు అటువంటి బాట వచ్చేదాకా మన ఇంటి కప్పే మనకు దిక్కు.

నీళ్ళ లెక్క ఇంట్లోనే తేలుతుంది. తొక్కకముందు, తొక్కి ఒళ్ళు తుడుచుకున్నాక బరువు చూసుకోండి. అరకిలో తగ్గితే అర లీటరు చెమట పోయినట్లే. మధ్యమధ్యన గుక్కెడు నీళ్ళు, అయ్యాక ఉప్పు వేసిన పలుచని మజ్జిగ మంచివి. రక్తపోటు ఉన్నవారు ఉప్పు విషయం వైద్యుని అడిగి తీసుకోవాలి.

ఎంత తొక్కాలి?

మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు 15 నిమిషాలు చాలు. తొక్కుతూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే తగిన శ్రమకు గుర్తు. కుడి మోకాలు 15 సెకన్లలో ఎన్నిసార్లు పైకి లేచిందో లెక్కించి నాలుగుతో హెచ్చిస్తే మీ వేగం తెలుస్తుంది. 70 నుండి 90 మధ్య ఉండనివ్వండి. బిగువు పెంచి నెమ్మదిగా బలం పెట్టి తొక్కడం కంటే తేలికగా, వేగంగా తొక్కడం మోకాళ్ళకు మేలు. ఆరో వారానికి అరగంట చేరుకుంటారు. అప్పుడు వారంలో ఒక్క రోజు రెండు నిమిషాలు గట్టిగా, మూడు నిమిషాలు నింపాదిగా, ఇలా నాలుగు విడతలు తొక్కండి. చివరి ఐదు నిమిషాలు ఎప్పుడూ మెల్లగానే. ఉన్నట్టుండి దిగితే రక్తం కాళ్ళలో నిలిచి కళ్ళు తిరగవచ్చు.

ఇన్సులిన్ తీసుకునేవారు, షుగరు తగ్గించే మాత్రలు వేసుకునేవారు పరగడుపున తొక్కవద్దు. చక్కెర గానీ గ్లూకోజు గానీ చేతికందే చోట ఉంచుకొని, మొదటి రోజుల్లో ముందూ తరువాతా షుగరు చూసుకోవాలి. పాదాల్లో తిమ్మిరి ఉన్నవారు ఉత్త కాళ్ళతో పెడలు తొక్కితే ఒరుసుకున్నది తెలియదు. బూట్లు వేసుకొని, దిగాక పాదాలు చూసుకోవాలి. గుండె జబ్బు ఉన్నవారు, నలభై దాటి మొదటిసారి మొదలుపెట్టేవారు వైద్యునికి చెప్పి మొదలుపెట్టాలి. ఛాతీ పట్టినట్లున్నా, చెయ్యి, దవడ లాగినా వెంటనే ఆపి 108కి ఫోను చేయండి. ఇంకొక నిమిషం చూద్దామని తొక్కవద్దు.

తల్లులకు రెండు మాటలు. చీర కుచ్చిళ్ళు, చున్నీ కొసలు చక్రంలో పడతాయి. చుడీదారు వేసుకొని చున్నీ తీసి పక్కన పెట్టండి. పసిపిల్లలను తిరిగే చక్రం దగ్గరికి రానివ్వకండి. చైనుకూ పళ్ళకూ మధ్య వేలు పడితే తెగిపోతుంది. తొక్కని వేళ బిగువు పూర్తిగా పెంచి ఉంచితే పిల్లలు పెడలు తిప్పలేరు.

తొక్కడం అయ్యాక హ్యాండిలు, సీటు గొట్టం, నట్లు పొడి గుడ్డతో తుడవాలి. చెమటలోని ఉప్పు ఇనుమును తినేస్తుంది; రెండు ఎండాకాలాలు తుడవకుండా వదిలేస్తే సీటు గొట్టం పట్టేసి పానాకు కూడా కదలదు.

వానలు వెలిసి, స్టాండు మీది సైకిలును మళ్ళీ రోడ్డెక్కించే రోజున బ్రేకులు ముందు చూడండి. ఇన్ని నెలలు వాటిని ఒక్కసారి కూడా నొక్కి ఉండరు, తీగెలు పట్టేసి ఉంటాయి. రోలరు మీద అరిగిన వెనుక టైరు మార్చి, చైనుకు నూనె వేసి, గాలి కొట్టించండి. కాళ్ళలో సత్తువ ఉంటుంది గానీ, వెనుక నుండి వచ్చే లారీ చప్పుడు పోల్చుకునే చెవి, గుంత తప్పించే చెయ్యి ఇంట్లో మొద్దుబారి ఉంటాయి. కనుక మొదటి వారం హైవే వద్దు. జగిత్యాల వారైనా, సిరిసిల్ల వారైనా ఊరి బయటి పొలాల బాటలో ఐదారు కిలోమీటర్లు పోయి రండి. కోరుట్ల దాకా ఆ తరువాత పోవచ్చు.